యాభై మిల్లీమీటర్ల కటకం: ఎంత వెలుతురు, ఎంత బరువు

జంషెడ్‌పూర్ అగ్రికోలో పొద్దు కుంకితే వెలుతురు ముక్కలు ముక్కలుగా మిగులుతుంది. క్వార్టర్ల వరండాల్లో ఒక్కో బల్బు, చెట్ల కొమ్మల్లోంచి జారే వీధి దీపం, సిద్‌గోడా, గోల్‌మురి వైపు రోడ్ల మీద దుకాణాల ట్యూబ్‌లైట్లు. మధ్యలో అంతా చీకటే. ఈ వెలుతురులో ఇంటివాళ్లనీ వీధినీ ఫొటో తీద్దామని రేంజ్‌ఫైండర్ కెమెరా సంపాదించుకున్నవాళ్లు కటకం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. యాభై మిల్లీమీటర్ల కటకాల్లోనే ఎఫ్/1.4 ఉంది, ఎఫ్/2 ఉంది, ఎఫ్/2.8 ఉంది. మొదటిది ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది కాబట్టి ‘ఫాస్ట్ లెన్స్’ అంటారు. చివరిది చొక్కా జేబులో పడుతుంది.

లైకా కంపెనీ కటకాలనే తీసుకుందాం. 2004లో వచ్చిన 50 మి.మీ. ఎఫ్/1.4 సుమిలక్స్ బరువు 335 గ్రాములు. ఎఫ్/2 సుమిక్రాన్ 240 గ్రాములు. 1994లో వచ్చిన ఎఫ్/2.8 ఎల్మార్ 170 గ్రాములు. వాడనప్పుడు దాని గొట్టాన్ని కెమెరా లోపలికి నెట్టేయవచ్చు. 2008 నాటి ఎఫ్/0.95 నాక్టిలక్స్ అయితే 700 గ్రాములు. ధరలూ బరువుల వరసలోనే, ఇంకా నిటారుగా ఎక్కుతాయి. అదనంగా మోసే ఆ గాజుకు బదులుగా ఏం దక్కుతుందన్నది లెక్క వేసి తేల్చదగిన విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రేంజ్‌ఫైండర్ వాడేవారిలో ఎక్కువమందికి చిన్న కటకమే సరైనది. పెద్దది గెలిచే చోట్లు ఉన్నాయి, కానీ అవి మనం అనుకునేవి కావు.

ఈ లెక్క ఈ ఊరికి ఎందుకు కావాలో చెబుతాను. అగ్రికో అన్న పేరే వ్యవసాయ పనిముట్లు చేసే కంపెనీ నుంచి వచ్చింది. టాటా అగ్రికో ముద్ర ఉన్న పారలూ పలుగులూ దేశమంతా తెలిసినవే. సాక్చీ అన్న పల్లె దగ్గర మొదలై 1919లో జంషెడ్‌పూర్ అయిన ఈ ఊరికి ఉక్కు పని కోసం శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి తెలుగువాళ్లు తరాలుగా వస్తూనే ఉన్నారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది, అక్కడ శ్రీరామనవమి ఉంది. ఊరంతటికీ దుర్గాపూజ పందిళ్లున్నాయి, ఛఠ్ పూజకు సువర్ణరేఖ ఒడ్డు ఉంది, మార్చి 3న జంషెట్‌జీ టాటా జయంతికి దీపాలతో నిండే జూబిలీ పార్కు ఉంది. ఇక్కడ ఫొటోకు పనికొచ్చే ఘట్టాల్లో సగం పైగా సూర్యుడు లేనప్పుడే జరుగుతాయి. అందుకే కటకం ప్రశ్న ఈ ఊళ్లో ఊహాగానం కాదు.

ముందుగా రేంజ్‌ఫైండర్ ఎలా పని చేస్తుందో తెలియాలి. మామూలు ఎస్ఎల్ఆర్ కెమెరాలో మనం కటకంలోంచే చూస్తాం. లోపలి అద్దం ఆ దృశ్యాన్ని కంటికి చేరుస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో అలా కాదు. పక్కన వేరే కిటికీలోంచి చూస్తాం. ఆ కిటికీకి కొంత దూరంలో ఇంకో చిన్న కిటికీ ఉంటుంది. రెండింటి నుంచి వచ్చిన బింబాలు కంటి ముందు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఫోకస్ రింగు తిప్పుతూ ఉంటే ఒక బింబం పక్కకు జరుగుతుంది. రెండూ కలిసి ఒకటైనప్పుడు ఫోకస్ కుదిరినట్టు. రెండు కిటికీలూ ఫొటో తీయబోయే మనిషీ కలిసి ఒక త్రిభుజం. భూమి కొలిచే సర్వేయరు వాడే లెక్కే ఇది. కిటికీల మధ్య దూరాన్ని బేస్ అంటారు. అది ఎంత ఎక్కువైతే కొలత అంత ఖచ్చితం.

ఈ ఏర్పాటు వల్ల ఒక లాభం, ఒక నష్టం. కటకం ఎంత చిన్నదైనా, ఎంత చీకటిదైనా మనకు కనిపించే దృశ్యం మసకబారదు. ఎఫ్/3.5 కటకం పెట్టినా కిటికీలో కనిపించేది ఎఫ్/1.4 పెట్టినప్పటి వెలుతురే. ఎస్ఎల్ఆర్ వాడేవాళ్లు ఫాస్ట్ లెన్స్ కొనడానికి చెప్పే మంచి కారణాల్లో ఒకటి, అది పెడితే చీకట్లో ఫోకస్ చేయడం తేలికని. రేంజ్‌ఫైండర్‌కు వచ్చేసరికి ఆ కారణం చెల్లదు. నష్టం ఏమిటంటే, కటకం చేసే తప్పులు కూడా మనకు కనబడవు. దీని సంగతి కాసేపట్లో.

చిన్న కటకమే ఈ కెమెరాలకు పుట్టుకతో వచ్చింది. ఆస్కర్ బర్నాక్ తయారుచేసిన లైకా 1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో బయటికి వచ్చింది. మాక్స్ బెరెక్ దానికి రూపకల్పన చేసిన కటకం 50 మి.మీ. ఎఫ్/3.5. కొద్దికాలానికే అది నాలుగు గాజు ముక్కల ఎల్మార్‌గా స్థిరపడింది. లోపలికి నెట్టేస్తే కెమెరా మొత్తం కోటు జేబులో ఇమిడేది. ఫిలిం మీద బొమ్మ 24×36 మి.మీ.; దాని కర్ణం 43 మి.మీ. చిల్లర. కర్ణానికి దగ్గరగా ఉండే నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంగ్త్‌ను) ‘స్టాండర్డ్’ అంటారు కాబట్టి యాభై ఆ కోవలో చేరింది.

తర్వాత పరుగు మొదలైంది. 1932లో లైకాకు కటకంతో కలిసి కదిలే రేంజ్‌ఫైండర్ వచ్చింది. అదే ఏడాది జైస్ కంపెనీ కాంటాక్స్‌తో పోటీకి దిగింది. జైస్‌లో లుడ్విగ్ బెర్టెలె చేసిన సొన్నార్ కటకం ఎఫ్/1.5 దాకా తెరుచుకునేది. దాని వెనక ఉన్న ఆలోచన మెచ్చుకోదగినది. గాజు గాలిని తాకే ప్రతి తలం దగ్గరా నూటికి నాలుగైదు వంతుల వెలుతురు వెనక్కి పోతుంది. అది లోపల అటూ ఇటూ తిరిగి బొమ్మ మీద తెల్లటి పొరలా పరుచుకుంటుంది. ఆ రోజుల్లో గాజుకు పూత వేసే విద్య ఇంకా బజారుకు రాలేదు. జైస్‌లోనే అలెగ్జాండర్ స్మకులా 1935లో దాన్ని సాధించాడు. అప్పటికి పూత లేదు కాబట్టి బెర్టెలె ఏడు గాజు ముక్కల్ని మూడు గుంపులుగా అతికించి, గాలి తగిలే తలాల్ని ఆరుకు కుదించాడు. సొన్నార్ తీసిన బొమ్మల్లో నలుపు నల్లగా ఉండడానికి కారణం అదే.

అంత తాపత్రయం ఎందుకంటే అప్పటి ఫిలిం చాలా మందకొడిది. 1935లో వచ్చిన కోడాక్రోమ్ రంగుల ఫిలిం వేగం ఇప్పటి లెక్కలో ఐఎస్ఓ 10 చుట్టుపక్కల. ట్యూబ్‌లైట్ వేసిన ఇంటి గదిలాంటి వెలుతురులో ఆ ఫిలిం పెట్టి ఎఫ్/3.5 దగ్గర తీస్తే దాదాపు నాలుగు సెకన్లు షటర్ తెరిచి ఉంచాలి. ఎఫ్/1.5 దగ్గర ముప్పావు సెకను. ఆ రోజుల్లో ఫాస్ట్ లెన్స్ అవసరం. 1954లో కోడాక్ ట్రై-ఎక్స్ 35 మి.మీ. ఫిలింగా వచ్చాక, తర్వాత దాని వేగాన్ని 400గా లెక్కించాక లెక్కలు మారాయి. డిజిటల్ వచ్చాక మరీ మారాయి. కానీ ఫాస్ట్ లెన్స్ మీద మోజు మాత్రం 1930ల నాటిదే నడుస్తోంది.

ఈ ఊరి ఉక్కు కర్మాగారాన్ని 1951లో ఫొటోలు తీసిన వెర్నర్ బిషోఫ్‌ను ఇక్కడ తలుచుకోవాలి. స్విట్జర్లాండ్‌కు చెందిన బిషోఫ్ మాగ్నం సంస్థ ఫొటోగ్రాఫర్. ఆ ఏడాది బీహారు కరవును అతను తీసిన బొమ్మలు లైఫ్ పత్రికలో వచ్చి ప్రపంచాన్ని కదిలించాయి. జంషెడ్‌పూర్ అప్పటికి బీహారులోనే ఉంది. కరవు పల్లెల్నీ కొలిమి మనుషుల్నీ ఒకే ప్రయాణంలో చూసినవాడు అతను. మూడేళ్ల తర్వాత, 1954లో, పెరూ కొండల్లో ప్రమాదంలో చనిపోయాడు. కొలిమి ముందు ఫొటో తీయడంలో కష్టం వెలుతురు తక్కువ కావడం వల్ల రాదు. కరిగిన లోహం తానే దీపం. దాని పక్కన నిలబడ్డ మనిషి ముఖం నీడ. అంత తేడా ఉన్న దృశ్యాన్ని ఫాస్ట్ లెన్స్ పూర్తిగా తెరిచి తీస్తే, ప్రకాశం ఉన్న చోటు చుట్టూ కాంతి చెదిరి నీడలు తెల్లబోతాయి. కాస్త మూసి, తక్కువ గాజు ముక్కలున్న కటకంతో తీసిన బొమ్మే శుభ్రంగా వస్తుంది. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రి కార్టియర్ బ్రెసాన్ జీవితమంతా ఎక్కువగా 50 మి.మీ. కటకంతోనే పని చేశాడు. 1948 జనవరి 30న గాంధీజీని హత్యకు కొద్దిసేపటి ముందు కలిసినప్పుడూ, ఆ తర్వాత అంత్యక్రియల జనసముద్రంలోనూ అతని చేతిలో ఉన్నది అరచేతిలో ఇమిడే లైకా. కనబడకుండా మసలడం అతనికి మొదటి అవసరం.

ఇప్పుడు లెక్కలోకి వెళ్దాం. ఎఫ్ పక్కనున్న అంకె, నాభ్యంతరాన్ని కటకం రంధ్రం వ్యాసంతో భాగించగా వచ్చినది. 50 మి.మీ. కటకంలో ఎఫ్/1.4 అంటే సుమారు 36 మి.మీ. రంధ్రం, ఎఫ్/2 అంటే 25, ఎఫ్/2.8 అంటే 18, ఎఫ్/3.5 అంటే 14 మి.మీ. వెలుతురు రంధ్రం వైశాల్యాన్ని బట్టి వస్తుంది. కాబట్టి ఎఫ్/1.4 కటకం ఎఫ్/2 కన్నా రెట్టింపు, ఎఫ్/2.8 కన్నా నాలుగింతలు వెలుతురు తెస్తుంది. ఒక రెట్టింపును ఫొటోగ్రాఫర్లు ఒక స్టాప్ అంటారు.

ట్యూబ్‌లైట్ ఉన్న ముందుగది, ఐఎస్ఓ 400 ఫిలిం అనుకోండి. ఎఫ్/2.8 దగ్గర షటర్ సుమారు సెకనులో 15వ వంతు. ఎఫ్/2 దగ్గర 30వ వంతు. ఎఫ్/1.4 దగ్గర 60వ వంతు. బాగా దీపాలు పెట్టిన పూజ పందిరిలో దీనికి నాలుగింతలు వెలుతురు ఉండవచ్చు, అప్పుడు ఎఫ్/2.8కే 60వ వంతు దొరుకుతుంది, ఇంకేం కావాలి. వీధి దీపం కింద ముందుగదికన్నా నాలుగో వంతే, అక్కడ ఎఫ్/1.4 పెట్టినా 15వ వంతే.

షటర్ తెరిచి ఉన్నంతసేపూ రెండు కదలికలు బొమ్మను పాడు చేస్తాయి. ఒకటి మన చెయ్యి. రేంజ్‌ఫైండర్‌లో పైకి ఎగిరే అద్దం లేదు, ఆ కుదుపు లేదు. ఊపిరి బిగపట్టి గోడకు ఆనుకుంటే 15వ వంతు దగ్గర కూడా చాలామంది చేతులు నిలుస్తాయి. రెండోది ఎదుటి మనిషి. అసలు విషయం ఇక్కడ ఉంది. మూడు మీటర్ల దూరంలో ఒక మనిషి సెకనుకు ఒక మీటరు చొప్పున, అంటే తీరిగ్గా, అడ్డంగా నడుస్తున్నాడనుకోండి. 50 మి.మీ. కటకం వెనక ఫిలిం మీద అతని బింబం సెకనుకు దాదాపు 17 మి.మీ. జరుగుతుంది. సెకనులో 30వ వంతులో అర మిల్లీమీటరు పైగా, 60వ వంతులో పావు మిల్లీమీటరు పైగా. ఫిలిం మీద 0.03 మి.మీ. దాటిన మసకను కన్ను పట్టేస్తుందని పాత లెక్క. అంటే ఎఫ్/2 దగ్గర ఆ మనిషి చెదిరిపోతాడు, ఎఫ్/1.4 దగ్గరా చెదిరిపోతాడు, చెదరడం సగానికి తగ్గినా సరే. అతన్ని నిలబెట్టాలంటే 500వ వంతు కావాలి. దానికి ఒక స్టాప్ చాలదు, నాలుగైదు కావాలి. అవి కటకంలోంచి రావు. ఫిలిం వేగంలోంచో, డిజిటల్ సెన్సార్ నుంచో రావాలి.

ఇంకో మనిషి కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నాడు. తల సెకనుకు ఐదు సెంటీమీటర్ల చొప్పున కదులుతోంది. అదే దూరంలో, 30వ వంతులో అతని బింబం జరిగేది 0.03 మి.మీ. లోపే. ఎఫ్/2 చాలు. ఎఫ్/1.4 పెట్టినందువల్ల అదనంగా వచ్చేదేమీ లేదు.

కాబట్టి ఒక స్టాప్ లాభం తేడా చేసే మనుషులు ఈ ఇద్దరి మధ్యలో ఎక్కడో ఉంటారు: నవ్వుతూ తల తిప్పే పిల్ల, హారతి పళ్లెం నెమ్మదిగా తిప్పే పూజారి, తలంబ్రాలు పోసుకునే జంట. అలాంటివే మీ ఫొటోల్లో ఎక్కువైతే ఫాస్ట్ లెన్స్‌కు అర్థం ఉంది. ఛఠ్ రోజు తెల్లవారుజామున నీళ్లలో నిలబడి ఉదయించే సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చేవాళ్లు దాదాపు కదలరు. తూర్పు తెల్లబడుతున్న కొద్దీ ఎఫ్/2.8 చాలినంత వెలుతురు వచ్చేస్తుంది. జూబిలీ పార్కు దీపాలు అసలే కదలవు. రాత్రిళ్లు స్లాగ్ ఒంపినప్పుడు ఎర్రబడే జంషెడ్‌పూర్ ఆకాశం గురించి పాతవాళ్లు చెబుతారు. దాన్ని తీయడానికైనా కావాల్సింది కెమెరా పెట్టుకోవడానికి ఒక గోడ.

వెలుతురు సంగతి ఇది. ఇప్పుడు దాని ఖరీదు. రంధ్రం పెద్దదైన కొద్దీ ఫోకస్ కుదిరే మందం తగ్గిపోతుంది. ఒక మీటరు దూరంలో ఎఫ్/2.8 దగ్గర ఆ మందం సుమారు 6 సెంటీమీటర్లు. ఎఫ్/2 దగ్గర నాలుగున్నర. ఎఫ్/1.4 దగ్గర 3 సెంటీమీటర్లు. కంటి మీద ఫోకస్ చేసి, షటర్ నొక్కేలోపు మనం ముందుకు ఊగితే చాలు, ఫోకస్ చెవి మీదకు పోతుంది. ఇవి కూడా చిన్న ప్రింట్ల కాలం నాటి లెక్కలు. 2022లో వచ్చిన లైకా ఎం11 లాంటి 60 మెగాపిక్సెల్ కెమెరాలో బొమ్మను పెద్దది చేసి చూసేవారికి ఆ మందం సగమే అనిపిస్తుంది.

ఇంత సన్నని పొరను పట్టుకునే శక్తి కెమెరాకు ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. కన్ను తేడా పట్టగలిగే కోణం సుమారు ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. కిటికీల మధ్య దూరాన్ని వ్యూఫైండర్ చూపించే పరిమాణంతో గుణిస్తే అసలు పనికొచ్చే బేస్ వస్తుంది. లైకా ఎం6లో అది 50 మి.మీ. దగ్గర ఉంటుంది. ఒక మీటరు దూరంలో ఆ కెమెరా చేయగల పొరపాటు 6 మి.మీ. లోపు. ఎఫ్/1.4 కటకం ఇచ్చే వెసులుబాటు అటు 16, ఇటు 16 మి.మీ. ఇబ్బంది లేదు. 1954 నాటి ఎం3లో పరిమాణం 0.91, పనికొచ్చే బేస్ 62 మి.మీ. పైనే; యాభై కటకానికి దాన్ని మించిన పాత కెమెరా లేదని నా నమ్మకం. అదే 1973లో వచ్చిన చిన్న లైకా సీఎల్ తీసుకుంటే పనికొచ్చే బేస్ 19 మి.మీ. మాత్రమే. ఒక మీటరు దగ్గర పొరపాటు 15 మి.మీ. దాకా పోతుంది, ఎఫ్/1.4 వెసులుబాటు అంతా అక్కడే ఖర్చయిపోతుంది. సీఎల్‌తో కలిపి అమ్మిన 40 మి.మీ. కటకం ఎఫ్/2 కావడం ఊరికే కాదు. చిన్న కెమెరా మీద పెద్ద కటకం పెడితే ఆ కటకం ఎంత ఖరీదైనా దాని పదును మన చేతికి రాదు.

ఇక కనబడని తప్పుల మాట. గోళాకారపు గాజు అంచుల దగ్గర పడిన కిరణాలు మధ్యలో పడిన కిరణాలకన్నా ముందే కలుసుకుంటాయి. స్కూలు పుస్తకాల్లో గోళీయ విపథనం అని చదువుకున్నది ఇదే. బింబంలో దీని మసక రంధ్రం వ్యాసానికి ఘనంలో పెరుగుతుంది. వ్యాసం రెండున్నర రెట్లయితే, అంటే ఎఫ్/3.5 నుంచి ఎఫ్/1.4కు వస్తే, తప్పు పదిహేను రెట్లు దాటుతుంది. దాన్ని సరిదిద్దడానికే గాజు ముక్కలు పెరుగుతాయి: ఎల్మార్‌లో నాలుగు, సుమిక్రాన్‌లో ఆరు, 2004 సుమిలక్స్‌లో ఎనిమిది, అందులో ఒకటి గోళాకారం కాని ప్రత్యేక ఆకృతిది. బరువూ ధరా అక్కడి నుంచే వస్తాయి.

పూర్తిగా సరిదిద్దని ఫాస్ట్ కటకాల్లో ఒక చిక్కు ఉంది. పూర్తిగా తెరిచినప్పుడు ఒకచోట ఫోకస్ అవుతుంది. రెండు స్టాపులు మూసేసరికి అంచు కిరణాలు తెగిపోయి ఫోకస్ వెనక్కి జరుగుతుంది. రేంజ్‌ఫైండర్ కటకంలోంచి చూడదు కాబట్టి ఇది జరిగినట్టు దానికి తెలియదు. రెండు బింబాలు చక్కగా కలిసినట్టే కనిపిస్తాయి, ఫొటోలో మాత్రం కళ్లు మెత్తగా, వెనకున్న గోడ పదునుగా వస్తాయి. జైస్ ఈ కాలంలో మళ్లీ తెచ్చిన సి-సొన్నార్ 50 మి.మీ. ఎఫ్/1.5 ఈ గుణానికి బాగా పేరుపడింది. ఆ కటకం గీసే ముఖాల మెత్తదనాన్ని ప్రేమించేవాళ్లు దాని అలవాట్లు నేర్చుకుని వాడతారు. మొదటి కటకంగా మాత్రం దాన్ని ఎవరికీ చెప్పను.

పాత సోవియట్ కటకాల విషయం మన ప్రాంతంలో తప్పక చెప్పాలి. బొకారో ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో వచ్చింది, విశాఖ ఉక్కూ అంతే. సోవియట్ కెమెరాలూ ఆ దశాబ్దాల్లో మన దేశంలో అమ్మకానికి వచ్చేవి. లైకా నమూనాను చూసి ఖార్కివ్‌లో 1934 నుంచి చేసిన ఫెడ్, యుద్ధం తర్వాత వచ్చిన జోర్కీ, వాటి కటకాలు జూపిటర్-8 ఎఫ్/2, జూపిటర్-3 ఎఫ్/1.5 ఇప్పటికీ పాత సామాన్ల బజారులో చవగ్గా కనిపిస్తాయి. రెండు జూపిటర్లూ జైస్ సొన్నార్ వారసులే. జైస్ కాంటాక్స్ కోసం ఎంచుకున్న అసలు నాభ్యంతరం 52.4 మి.మీ.; లైకా రేంజ్‌ఫైండర్ 51.6 మి.మీ. లెక్కకు కట్టినది. జూపిటర్‌ను లైకా మీద పెడితే దూరంలో ఫోకస్ సరిగ్గా ఉండి, ఒక మీటరు దగ్గర కటకం స్థానంలో సుమారు 0.09 మి.మీ. తేడా వస్తుంది. ఎఫ్/1.5 భరించగల తేడా 0.045 మి.మీ. అంటే దగ్గరి ముఖాలు తప్పిపోతాయి. అదే కటకాన్ని ఎఫ్/2.8కు మూస్తే తేడా దాదాపు కప్పుకుపోతుంది. జూపిటర్-3 కోసం ఆశపడేకన్నా జూపిటర్-8 తీసుకుని హాయిగా వాడుకోవడం మంచిది. అది చిన్నది, తేలిక, పోర్ట్రెయిట్‌కు అందమైనది.

కెమెరాకే అతికించి వచ్చే యాషికా ఎలక్ట్రో 35, కానన్ కానొనెట్ లాంటివాటిలో కటకం మార్చే వీలే లేదు. వాటిలో పేరున్న మోడళ్లకు ఎఫ్/1.7 కటకాలున్నాయి, చక్కగా పని చేస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ల బీరువాలో అలాంటిది ఉంటే కొత్తది కొనకముందు దాన్ని బాగు చేయించుకోండి.

పెద్ద కటకం చేసే మరో అపకారం వ్యూఫైండర్‌లో కనబడుతుంది. రేంజ్‌ఫైండర్ కిటికీ కటకానికి పైన, పక్కగా ఉంటుంది. లావైన గొట్టం, దాని మీద ఎండ పడకుండా పెట్టే హుడ్ కలిసి దృశ్యంలో కుడివైపు కింది మూలను కప్పేస్తాయి. ఆ మూలలో ఒక పిల్లవాడు కూర్చుని ఉంటే ఫొటో కడిగాకే తెలుస్తుంది. చిన్న కటకం కిటికీకి అడ్డురాదు. ఫ్రేము బయట ఏం జరుగుతోందో కూడా చూస్తూ, మనిషి లోపలికి నడిచి వచ్చే క్షణం కోసం కాచుకునే వీలుండడమే రేంజ్‌ఫైండర్‌లో ఉన్న గొప్ప. దాన్ని మూసేసే కటకం పెట్టుకుంటే ఆ కెమెరా ఎందుకు కొన్నట్టు?

బరువు గురించి మాట్లాడేటప్పుడు ఒక్క గ్రాముల లెక్క చూస్తే చాలదు. సాక్చీ బజారుకు వెళ్తూ భుజానికి తగిలించుకున్న కెమెరాకూ, బరువనిపించి ఇంట్లో వదిలేసిన కెమెరాకూ మధ్య తేడా ఎన్ని స్టాపులని కొలుస్తాం? సంచిలో టిఫిన్ డబ్బా పక్కన పట్టే కెమెరా ఏడాదంతా వెంట ఉంటుంది. అదీగాక పెద్ద కటకం ఎదుటివాళ్ల ముఖం మార్చేస్తుంది. పెద్ద గాజు తమ వైపు తిరగగానే మనుషులు సర్దుకుంటారు, చొక్కా గుండీలు చూసుకుంటారు.

వానాకాలం గురించి ఒక మాట. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడి గాలిలో తేమ గాజు మీద బూజు పట్టడానికి సరిగ్గా సరిపోతుంది. బూజు సన్నని సాలెగూడులా మొదలై, వదిలేస్తే పూతను తినేస్తుంది. తోలు సంచిలో మూసి పెట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. తోలు తేమను పీల్చి ఉంచుతుంది. గాలి చొరబడని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, వారానికోసారి వెలుతురులో వాడకం, ఇవి చాలు. గుంపులు ఎక్కువ, అతుకులు ఎక్కువ ఉన్న ఫాస్ట్ కటకాలను విప్పి శుభ్రం చేయడం ఖర్చుతో కూడిన పని. నాలుగు గాజు ముక్కల పాత ఎల్మార్‌ను అనుభవమున్న మెకానిక్ తేలిగ్గా బాగు చేస్తాడు. పాత కటకం కొనేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి చూడండి. లోపలికి నెట్టే గొట్టమున్న పాత కటకమైతే, మీ డిజిటల్ కెమెరాలో దాన్ని నెట్టవచ్చో లేదో పుస్తకం చూసుకోండి. కొన్నిటిలో లోపల తగిలే ప్రమాదం ఉంది.

రెండింటికీ మధ్య దారి వెతికినవాళ్లూ ఉన్నారు. జపాన్‌కు చెందిన కోసినా 1999 నుంచి వోయిట్‌లాండర్ పేరుతో రేంజ్‌ఫైండర్ కటకాలు చేస్తోంది. వాళ్ల నాక్టన్ 40 మి.మీ. ఎఫ్/1.4 చిన్నదీ, ఫాస్టూ. రెండూ కలిసి రావాలంటే ఎక్కడో ఒకచోట రాజీ తప్పదు: పూర్తిగా తెరిస్తే మెత్తదనం, మూస్తే ఫోకస్ కొంత జరగడం. వాళ్ల 50 మి.మీ. కలర్ స్కోపార్ ఎఫ్/2.5 మాత్రం ఏ హడావిడీ లేని కటకం. లైకా ధరలు అందనివారికి అది మంచి తోడు.

ఇన్ని లెక్కల తర్వాత నా తీర్పు ఇది. డిజిటల్ రేంజ్‌ఫైండర్ వాడేవారు ఎఫ్/2.8 దాకా నిర్భయంగా వెళ్లవచ్చు. ఐఎస్ఓ 3200 దగ్గర ట్యూబ్‌లైట్ గదిలో వాళ్లకు 125వ వంతు దొరుకుతుంది. ఐఎస్ఓ 400 ఫిలిం వాడేవారికి, ఇంటి వేడుకలే ముఖ్యమైనవారికి ఎఫ్/2 సరైనది. కటకం చిన్నదిగానే ఉంటుంది, 30వ వంతు చేతిలో ఉంటుంది, ఫోకస్ వెసులుబాటు మనుషులకు సరిపడా ఉంటుంది. ఎఫ్/1.4 లేదా 1.5 కొనవలసినవాళ్లు ఇద్దరు: దీపం వెలుగులో నెమ్మదిగా కదిలే ముఖాలే తమ పని అయినవాళ్లు, వెనకున్నదాన్ని కరిగించి ఒక్క ముఖాన్నే నిలబెట్టే బొమ్మ కోరుకునేవాళ్లు. ఆ ఇద్దరూ పొడవైన బేస్ ఉన్న కెమెరానే వాడాలి, తమ కటకం ఫోకస్ ఎక్కడ పడుతుందో ముందే పరీక్షించుకోవాలి. ఎఫ్/0.95 జోలికి వెళ్లకండి.

పరీక్ష కష్టమేమీ కాదు. ఒక స్కేలును బల్ల మీద ఏటవాలుగా పెట్టి, మధ్య గీత మీద ఒక మీటరు దూరం నుంచి ఫోకస్ చేసి, పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్/2.8 దగ్గర ఒకటి, ఎఫ్/4 దగ్గర ఒకటి తీయండి. ఏ గీత పదునుగా ఉందో చూస్తే కటకం గుణం తెలిసిపోతుంది. అరువు తెచ్చిన కటకం మీదైనా కొనేముందు ఈ పరీక్ష చేయండి. దానికన్నా ముందు, గడిచిన ఏడాదిలో మీరు తీసి దాచుకున్న మంచి ఫొటోలు ముందు పెట్టుకుని, వాటిలో ఎన్నింటికి ఇంకో స్టాప్ వెలుతురు కావాల్సి వచ్చిందో లెక్క పెట్టండి. ఆ సంఖ్య చిన్నదైతే చిన్న కటకం కొని, మిగిలిన డబ్బుతో ఫిలిం కొనుక్కోండి.